పదో అడ్డరోడ్డు నుంచి ఏడో అడ్డరోడ్డు దాకా

గుంటూరు,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

నిన్ను విజయవాడలో హాస్టల్‌ దగ్గర దింపి వస్తూ బస్సులో నీ టెస్టు పేపరు తీశాను. వారధి మీద ఒకసారి చూశాను, మంగళగిరి దాటాక మళ్లీ చూశాను. మార్కుల గురించి నాకు బెంగ లేదమ్మా. 10!/7!, అంటే టెన్ ఫ్యాక్టోరియల్ బై సెవెన్ ఫ్యాక్టోరియల్ దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. ఫ్యాక్టోరియల్ అంటే ఆ సంఖ్య నుంచి ఒకటి దాకా వరసగా గుణించడమేగా. 36,28,800ని 5,040తో భాగించబోయి, సగంలో గీతలు కొట్టి వదిలేశావు. ఎంత కంగారుపడ్డావో ఆ గీతల్లోనే తెలిసింది.

మన బ్రాడీపేట గుర్తు తెచ్చుకో. పిన్ని వాళ్లది పదో అడ్డరోడ్డు, మనది ఏడు. ఇద్దరం ఒకటో అడ్డరోడ్డు దాకా నడిస్తే, ఏడు నుంచి దారి ఇద్దరికీ ఒకటే. పిన్నికి అదనంగా పడేవి పది, తొమ్మిది, ఎనిమిది. అంతే. 10! లోపల 7! చెక్కుచెదరకుండా ఉంది. లవంలో 10×9×8×7! అని రాసి, పైనా కిందా 7! కొట్టెయ్యి. 720. పెద్దదాన్ని చిన్నది కనపడేదాకా విప్పితే చాలు.

మేం తెలుగు మీడియంలో ఈ ఫ్యాక్టోరియల్‌ని క్రమగుణితం అనేవాళ్లం. ఒక్కొక్కటే తగ్గుతూ గుణించుకు రావడం, పేరులోనే ఉంది. నువ్వు 8!/4!కి 2! అని వేశావు. ఆ ! గుర్తు 1808లో క్రిస్టియన్ క్రాంప్ అనే ఫ్రెంచి గణితవేత్త పెట్టింది, అది ఒకటి దాకా గుణించమని చెప్పే గుర్తు. దాన్ని వదిలి ఎనిమిదినీ నాలుగునీ కొట్టకూడదు. 8×7×6×5, అంటే 1,680.

కూడిక ఉన్నచోట ఇంకా జాగ్రత్త. (9!+8!)/8!లో ఒక్క 8!నే కొట్టేసి 9! మిగిల్చావు. ముందు 8! ఉమ్మడిగా బయటికి తియ్యి, లోపల 9+1 మిగులుతుంది. జవాబు పది.

ఎన్ ప్లస్ వన్ ఫ్యాక్టోరియల్ బై ఎన్ మైనస్ వన్ ఫ్యాక్టోరియల్ చూసి బెదిరావు కదా. అక్షరమైనా దారి అదే: ఎన్ ప్లస్ వన్ తర్వాత ఎన్, ఆ తర్వాత ఎన్ మైనస్ వన్ ఫ్యాక్టోరియల్. అది పోతే ఎన్ ఇంటూ ఎన్ ప్లస్ వన్. నమ్మకం కుదరకపోతే ఎన్ బదులు 3 వేసి చూడు: 4!/2!, పన్నెండు. మూడు నాలుగులు పన్నెండే.

0! ఒకటెందుకని అడిగావు. 3! ఆరు. మూడుతో భాగిస్తే 2!, రెండు. దాన్ని రెండుతో భాగిస్తే 1!, ఒకటి. దాన్ని ఒకటితో భాగిస్తే 0!, అదీ ఒకటే.

బుధవారం ఫోన్ చేసినప్పుడు 12!/(10!×2!) ఎంతో చెప్పు. కింద రెండున్నాయని భయపడకు, ముందు 10!ని పట్టుకో. అమ్మ కూడా కాగితం పెట్టుకుని చేస్తానంది.

మీ నాన్న