గాలం జిగ్‌కు బ్యాటరీ సీసం వద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈశాన్య రుతుపవనాల వానలకు స్వర్ణముఖిలో నీళ్లు పారితే తిరుపతి, శ్రీకాళహస్తి చుట్టుపక్కల గాలాలు బయటికొస్తాయి. ఈ మధ్య పిల్లకాయలు వాలుగ కోసం జిగ్‌లు కూడా ఇంట్లోనే పోసుకుంటున్నారు. గాలం మెడకు లోహపు గుండు పోసి, వెనక వెంట్రుకలు కట్టిన ఎర అది. అమెరికా నదుల్లో వాలై అనే చేపకు వాడతారు. వాలై, మన వాలుగ రెండూ వెలుతురు తగ్గాక అడుగున వేటాడేవే. ఇష్టంగా నేర్చుకోదగ్గ పని ఇది. పాత బ్యాటరీ పగలగొట్టి, ఆ సీసాన్ని వంటింటి స్టవ్ మీద కరిగించడం మాత్రం ఈరోజే మానాలి.

బ్యాటరీ ప్లేట్లలో గట్టి సీసం కన్నా వాటికి పట్టించిన ముద్దే ఎక్కువ. అదంతా సీసపు ఆక్సైడు, సల్ఫేటు. కదిలిస్తే పొడిగా లేచి పొయ్యి గట్టు మీద, అన్నం గిన్నెల మీద పడుతుంది. ఇంతవరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. చిన్నపిల్లలున్న ఇల్లయితే మరీ ప్రమాదం.

దాని బదులు తగరం వాడండి. గిన్నెలకు కళాయి వేసే లోహమే. సీసం 327 డిగ్రీల దగ్గర కరిగితే తగరం 232 దగ్గరే కరుగుతుంది. బరువు మాత్రం తక్కువ. 10 గ్రాముల సీసం పట్టే అచ్చులో తగరం ఆరున్నర గ్రాములే పడుతుంది, అందుకని పారే నీటికి ఒక సైజు పెద్ద అచ్చు కావాలి. వైర్లు అతికించే సోల్డర్ తీగను తగరమనుకుని కొనొద్దు, 60/40 రకంలో 40 శాతం సీసమే.

తగరమైనా ఆరుబయటే పోయాలి. కళ్లద్దాలు, మూసిన చెప్పులు తప్పనిసరి. కరిగిన లోహంలో ఒక్క చుక్క నీరు పడినా ఆవిరై పేలి, లోహం మొహాన చిమ్ముతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు పైకి ఎండినట్టే ఉంటుంది గానీ లోపల తడి దాచుకుంటుంది. సన్న సెగన పెట్టి, దానిపైన చల్లటి స్టీలు పళ్లెం పట్టి చూడండి. పళ్లెం మసకబారితే అచ్చు ఇంకా ఆరలేదు.

మొదటి గుండ్లు ముడతలు పడి, సగమే నిండి వస్తాయి. తప్పు లోహానిది కాదు, అచ్చు చల్లగా ఉంది. గాలం పెట్టకుండా నాలుగైదుసార్లు పోసి అచ్చును వేడెక్కించాకే గాలాలు పెట్టండి. గాలం కన్ను గుండుకు పైన నిలబడాలి. అప్పుడే ముల్లు పైకి తిరిగి రాళ్లకు తగులుకోదు. మేకతోక వెంట్రుకలు అగ్గిపుల్ల మందాన చాలు, దారం పది చుట్లు బిగించి ఒక చుక్క జిగురు వేయండి. ఎక్కువ కడితే జిగ్ అడుక్కి దిగదు.

ఎంత జాగ్రత్తగా వేసినా కొన్ని తెగి నీళ్లలోనే ఉండిపోతాయి. రాళ్లతో పాటు సీసపు గుండును మింగిన బాతు విషమెక్కి చచ్చిపోవచ్చు. బ్రిటన్‌లో చిన్న సీసపు గుండ్ల అమ్మకాన్ని 1987లోనే ఆపేశారు. నేలపట్టు, పులికాట్ పక్షులున్న జిల్లా మనది. గాలం సామాను అమ్మే దుకాణదారులు సీసం పక్కనే తగరపు గుండ్లు కూడా ఉంచాలని మనవి.

– గాలం వేసే పాఠకులు, తిరుపతి