వంతెన సామాను వానలకు ముందే రావాలి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వస్తే చాలు, ఏజెన్సీలో ఏదో ఒక వాగు మీద వంతెన తెగిందన్న వార్త మీ జిల్లా పేజీలో చూస్తూనే ఉన్నాం. 2023 జులైలో మా ములుగు జిల్లా కొండాయిని జంపన్నవాగు ముంచెత్తి ప్రాణాలు తీసింది. దొడ్ల వైపు వంతెన కూడా కొట్టుకుపోయింది. ఇలాంటి చోట సైన్యం వాడే బెయిలీ వంతెనను, అంటే ముందే తయారైన ఉక్కు ప్యానెళ్లను (చట్రాలను) అక్కడికక్కడే బిగించి కట్టే వంతెనను, ఒక్క రోజులో వేయొచ్చు. సైన్యంలోని మద్రాస్ ఇంజినీర్ గ్రూపులో సాపర్‌గా, అంటే వంతెనలు, దారులు వేసే సిపాయిగా చేసి రిటైరైనవాడిగా ఈ మాట గట్టిగా చెప్పగలను.

2024లో వయనాడ్‌లో మా గ్రూపు వాళ్లు చూరల్‌మల దగ్గర 190 అడుగుల వంతెనను జులై 31 రాత్రి మొదలుపెట్టి మర్నాడు సాయంత్రానికల్లా నిలబెట్టారు. 24 టన్నులు మోసే వంతెన అది. అయితే కొండచరియలు విరిగిపడింది 30 తెల్లవారుజామున. సామాను బెంగళూరు నుంచి లారీల్లో, ఢిల్లీ నుంచి కన్నూరుకు విమానంలో రావాల్సి వచ్చింది. అదే సామాను పక్క ఊళ్లో ఉండి ఉంటే అవతలి గట్టున చిక్కుకున్న ముండక్కైకి జేసీబీలు ఎంత ముందు చేరేవో!

ఒక్కో ప్యానెల్ పది అడుగుల పొడవు, 260 కిలోల బరువు. కింద కర్రలు దూర్చి ఆరుగురు మోస్తారు. కేక వినగానే అందరూ ఒక్కసారే లేవాలి, ఒకడు తడబడితే పక్కవాడి నడుం విరుగుతుంది. ప్యానెళ్లను పిన్నులతో బిగించుకుంటూ రోలర్ల మీద అవతలి గట్టుకు నెడతారు. అందుకు ఇవతల చదునైన గట్టి నేల కావాలి. మన వాగుల దగ్గర లేనిది అదే. బురదలో లారీ దిగబడిందంటే సగం రోజు పోయినట్టే.

సైన్యంలో లారీలు, క్రేన్, సామాను, మనుషులు అందరూ ఒకే కమాండర్ మాట మీద నడుస్తారు. జిల్లాలో ఆర్‌అండ్‌బీ ఒకరిది, రెవెన్యూ ఇంకొకరిది, క్రేన్ ఎవరో కాంట్రాక్టర్‌ది. వరద రోజున ఎవరికి ఫోన్ చేయాలో తేలేసరికే చీకటి పడుతుంది. అందుకే కలెక్టర్ ఒక ఇంజినీరుకు ఈ బాధ్యత పూర్తిగా అప్పగించాలి. ఏటూరునాగారంలో ఒకటి, భద్రాచలంలో ఒకటి వంతెన సెట్లు పెట్టాలి. వీటిని కోల్‌కతాలోని ప్రభుత్వ సంస్థ గార్డెన్ రీచ్ తయారుచేస్తోంది, విదేశాల వైపు చూడనక్కర్లేదు. ప్రమాదమున్న వాగుల వెడల్పు ఇప్పుడే కొలిచి, రెండు గట్ల మీదా మొరం పోసి తొక్కించాలి. ఏటా మే నెలలో సైన్యం ఇంజినీర్లను పిలిపించి, నిజంగా ఒక వాగు మీద వంతెన వేసి విప్పే సాధన చేయించాలి. కాగితాల మీద మాక్ డ్రిల్ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ పని చేతుల మీద చేసిన మాజీ సాపర్లు తెలుగు జిల్లాల్లో ఉన్నారు. సైనిక సంక్షేమ కార్యాలయాల్లో మా వివరాలు ఉంటాయి. కబురు పెడితే వస్తాం, కుర్రాళ్లకు దగ్గరుండి నేర్పిస్తాం.

– ఒక మాజీ సైనికుడు, ములుగు జిల్లా