నొప్పి లేని రోజుల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మైగ్రేన్ మీద మీరు వేసిన వ్యాసం చదివాను. నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలో బాగా చెప్పారు. కానీ మిగతా రోజుల్లో మేం అందరిలాగే ఉంటామన్నట్టు రాశారు. అక్కడే నాకు పేచీ.

నేను బట్టలు కుడతాను. తలనొప్పి ఊసే లేని రోజున కూడా సన్న చారల గుడ్డ కత్తిరించాలంటే నాకు టెన్షన్. కాసేపు చూసేసరికి గీతలు కదులుతున్నట్టు ఉంటాయి, మధ్యలో లేని రంగులు మెరుస్తాయి, కడుపులో తిప్పుతుంది. నలుపు తెలుపు చారలైతే మరీ ఘోరం. మిషన్ మీది లైటు సన్నగా వణికితే పక్కన కూర్చున్న అమ్మాయికి తెలియదు, నాకు తెలుస్తుంది. ఎవరైనా గట్టిగా సెంటు కొట్టుకుని వస్తే ఊపిరి బిగబట్టి కొలతలు తీస్తాను. లైటు ఆర్పితే మా ఆయన, ‘ఇప్పుడు నొప్పి లేదుగా?’ అంటారు. లేదు, నిజమే. వెలుతురు మాత్రం గుచ్చుతోంది.

ఇది చాదస్తం కాదని డాక్టరు చెప్పాక ప్రాణం కుదుటపడింది. ఒకే బొమ్మనో శబ్దాన్నో పదేపదే ఇస్తే మెదడు అలవాటుపడి స్పందన తగ్గించుకుంటుంది. మైగ్రేన్ ఉన్న చాలామందిలో, నొప్పి లేని రోజుల్లోనూ ఆ తగ్గుదల సరిగా కనిపించలేదట, తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి చూసిన పరీక్షల్లో. అన్ని పరీక్షల్లోనూ ఫలితం ఒకేలా లేదనీ ఆయనే అన్నారు. వింతేమిటంటే, కొన్నింటిలో సరిగ్గా నొప్పి వచ్చే సమయానికి ఆ తేడా పోయిందట!

ఎండలో నల్లద్దాలు సరే. ఇంట్లోనూ రోజంతా అవే పెట్టుకుంటే కళ్లు చీకటికి అలవాటుపడి, మామూలు వెలుతురు ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. ఈ మాట మీ వ్యాసంలో ఉండాల్సింది.

తలనొప్పి డైరీ రాయమన్నారు, మంచిదే. నాకిచ్చిన డైరీలో తేదీ, నొప్పి ఎంత, ఏ మందు వేసుకున్నాం, అంతే. వెలుతురుకు తట్టుకోలేక పని ఆపేసిన రోజుకు అందులో గడి లేదు. మందు పనిచేస్తోందా అని చూసేదేమో నొప్పి రోజులు లెక్కపెట్టే. నేనైతే పక్కన గీత గీసి ఇంకో గడి కలుపుకున్నాను. డాక్టర్లు కూడా ఆ ప్రశ్న అడిగితే బాగుంటుంది.

ఇంకొక్క మాట. ఆ వ్యాసం వెనక అందం కోసం సన్న నలుపు తెలుపు చారలు వేశారు. పేరా పేరాకీ అరచెయ్యి అడ్డం పెట్టుకుని చదివాను. మైగ్రేన్ గురించి ఈసారి రాసేటప్పుడు దయచేసి ఉత్త తెల్ల కాగితం మీదే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు