సెలీనియం మాత్రలపై నిఘా ఏదీ?

సంపాదకులకు,

జుట్టు రాలుతోందంటూ మందుల దుకాణానికి వెళ్తే చాలు, సెలీనియం అనే ఖనిజ పోషకం కలిసిన మాత్రల సీసా చేతిలో పెట్టడం మన విశాఖలో మామూలైపోయింది. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని అడిగే నాథుడు లేడు. సెలీనియం ఒంట్లో మితిమీరితే కనబడే తొలి లక్షణాల్లో ఒకటి జుట్టు రాలడమే. గోళ్లు పెళుసుబారతాయి, ఊపిరి వెల్లుల్లి వాసన కొడుతుంది. అమ్మేవారికి ఇది తెలియదో, తెలిసీ చెప్పరో!

సెలీనియం అక్కర్లేదని నేననడం లేదు. థైరాయిడ్ హార్మోన్ శరీరానికి పనికొచ్చే రూపంలోకి మారాలంటే అది ఉండాల్సిందే. చైనాలోని కేషన్‌లో నేలలోనే అది కొరవడి, పిల్లలూ యువతులూ గుండె కండరం దెబ్బతిని చనిపోయారు. అదే దేశంలోని ఎన్షీలో 1960ల తొలినాళ్లలో అది ఎక్కువై జనం జుట్టు, గోళ్లు పోగొట్టుకున్నారు. మన పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని గ్రామాల నేలలోనూ ఈ బెడద ఉంది.

మన జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజుకు చాలన్నది 40 మైక్రోగ్రాములు. ఒక కోడిగుడ్డులోనే సుమారు 15 ఉంటాయి. చేపల రేవు ఉన్న ఊరు మనది. ఒక పూట కవళ్లో కానాగంతలో తింటే ఆ రోజు అవసరం చాలావరకు తీరినట్టే. శాకాహారులకు గోధుమలు, పప్పులు, పాలు ఉన్నాయి. కాకపోతే పంటలో ఎంత ఉంటుందన్నది అది పండిన నేలను బట్టి మారుతుంది. లోటు ఉందేమోనని అనుమానముంటే వైద్యుడు రక్తపరీక్ష రాస్తాడు. కౌంటరు వెనక ఉన్న కుర్రాడు తేల్చే విషయం కాదిది.

పెద్దవారు రోజుకు 255 మైక్రోగ్రాములు మించకూడదని యూరప్ ఆహార భద్రత సంస్థ 2023లో చెప్పింది. జుట్టుకొకటి, థైరాయిడ్‌కొకటి, నీరసానికొక మల్టీవిటమిన్ వేసుకునేవారు మూడింటిలోని సెలీనియాన్నీ కూడి చూసుకుంటున్నారా? చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాలను ఎవరు చదవాలి? సీసా మీది అంకెనైనా నమ్మవచ్చా అంటే, 2008లో అమెరికాలో తయారీ పొరపాటు వల్ల ఒక ద్రవ సప్లిమెంటులో రాసినదానికి 200 రెట్లు సెలీనియం చేరి, 201 మంది జబ్బుపడ్డారు.

వీటిలో చాలావరకు చట్టం దృష్టిలో మందులు కావు, ఆహారమే. అందుకే చీటీ అక్కర్లేదు. మందుల తనిఖీ అధికారి తన పని కాదంటాడు, ఆహార భద్రత అధికారి మిఠాయి కొట్లు దాటి ఇటు రాడు. జగదాంబ, గాజువాక, ఎంవీపీ కాలనీ దుకాణాల నుంచి ఈ సీసాల నమూనాలు తీసి పరీక్షించి, ఫలితాలను పత్రికల్లో ప్రకటించాలని జిల్లా ఆహార భద్రత అధికారులను కోరుతున్నాను. ఒక్కో మాత్రలో ఎంత సెలీనియం ఉందో, రోజుకు ఎంత మించకూడదో తెలుగులో, కళ్లకు ఆనేంత అక్షరాలతో ముద్రించేలా కంపెనీలకు ఆదేశాలివ్వాలి.

– ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు, సీతమ్మధార, విశాఖపట్నం