తప్పంతా టీవీదేనా? మరి ఆ కమిటీ ఏది?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి నాలుగు రోజులు గమ్మునున్నాను. ఇక ఉండలేక రాస్తున్నాను. ఏదో సభలో టీవీల వల్లే సమాజం చెడిపోతోందని వక్తలంతా ముక్తకంఠంతో వాపోయారట. ఫొటోలో అధికారులు కూడా శాలువాలతో సహా ఉన్నారు. పిల్లల చదువులు, కాపురాల్లో గొడవలు, తాగుడు, ముఠా కక్షలు అన్నీ టీవీ ఖాతాలోనే రాసేశారు. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడటం ఒక్కటీ ఎందుకో వదిలేశారు.

హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. అంతకుముందు సీమలో వేటకొడవళ్లు లేవా? కక్షలు టీవీ తెచ్చినవి కావు. సీమ అంటే గాల్లోకి లేచే సుమోలూ, తొడలు కొట్టే మీసాలూ అని బయటివాళ్లకు రోజూ చూపించి నమ్మించింది మాత్రం అదే. దాని మీద మన వక్తలకు నోరు రాలేదు.

అలాగని టీవీ సుద్దపూస అనడం లేదు. ఇదే టీవీ 1975-76లో సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం కింద మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు సేద్యం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు చూపించింది. ఇప్పుడు పొద్దున పెట్టగానే రాశి ఉంగరాలు, అదృష్ట యంత్రాలు. లోకల్ కేబుల్‌లోనేమో షుగరు వ్యాధి శాశ్వతంగా నయమని కింద స్క్రోలింగు. అలాంటి ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. ఎవరన్నా అడిగారా?

కేబుల్ టీవీ చట్టం 1995లోనే వచ్చింది. దాని నిబంధనల్లో ఆరోది కార్యక్రమాలకు, ఏడోది ప్రకటనలకు. మూఢనమ్మకాలు పెంచేవి వేయకూడదు. పిల్లలు ఎక్కువగా చూసే వేళలో వాళ్లకు తగనివి రాకూడదు. గంటకు ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదు, ప్రకటన రాగానే చెవులు అదిరేలా మోత పెంచడమూ తప్పే. కేబుల్ మీద చర్య తీసుకునే అధికారం కలెక్టరుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఉంది, పరికరాలు పట్టుకెళ్లే దాకా. కలెక్టరు అధ్యక్షతన ఎస్పీ, పౌరసంబంధాల అధికారి, మహిళా కళాశాల ప్రిన్సిపాలు వగైరాలతో జిల్లా పర్యవేక్షక కమిటీ ఉండాలని 2008 నాటి కేంద్ర ఉత్తర్వు. మన జిల్లాలో అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఆ సభలో ఒక్కరూ అడగలేదు. సీరియల్లో అత్త మీద కోపం ఇంట్లో టీవీ మీద చూపిస్తే సరిపోయింది!

జనం కూడా తక్కువేమీ కాదు. వాట్సాప్‌లో ఫార్వర్డు చేసి ఫిర్యాదు చేశామనుకుంటారు. సీరియళ్లు బాగాలేవు అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. చానల్ పేరు, కార్యక్రమం పేరు, తేదీ, గంట నిమిషాలతో సహా సమయం, ఏ దృశ్యం, అది ఏ నిబంధనకు విరుద్ధం, ఇవన్నీ ఉండాలి. చానళ్లు తాము వేసినదాన్ని 90 రోజులే దాచిపెట్టాలి, ఆ తర్వాత మేల్కొంటే ఆధారం దొరకదు. 2021 సవరణ ప్రకారం ముందు చానల్‌కే పంపాలి. అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే మరో 15 రోజుల్లోపు వాళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు, అక్కడ 60 రోజుల గడువు. ఆపైన కేంద్ర ప్రభుత్వం. ఆపరేటరు సొంతంగా నడిపే లోకల్ చానల్ అయితే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ఇంట్లో చేసుకోగలిగిందీ ఉంది. సెట్‌టాప్ బాక్సు మెనూలో పేరెంటల్ లాక్ ఉంటుంది. చాలా ఇళ్లలో పిన్ నంబరు కంపెనీ పెట్టిన 0000 గానో 1234 గానో అలాగే ఉండిపోతుంది. అది మార్చకుండా చానల్‌కు తాళం వేస్తే మూడో తరగతి పిల్లోడు రెండో ప్రయత్నంలో తీసేస్తాడు. ముందు పిన్ మార్చాలి, తర్వాతే లాక్. చేతిలో ఉన్న ఫోనుకు మాత్రం ఈ తాళం పనిచేయదు. పిల్లలు టీవీ వదిలి ఫోన్లకు వెళ్లిపోయి చాలా ఏళ్లయిన సంగతి వక్తలకు ఇంకా తెలిసినట్టు లేదు.

వచ్చే సభకు ఆ జిల్లా కమిటీ మినిట్స్ పుస్తకం తెచ్చి వేదిక మీద పెట్టమనండి. శాలువాల ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఒక పాఠకుడు,
అనంతపురం