చెరువు గట్టు ల్యాప్‌టాప్‌లో డెబియన్

కాకినాడ,
ఆదివారం

చిన్నా,

మావయ్య ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు రావట్లేదని, ఇన్‌స్టాలర్‌లో పెన్‌డ్రైవ్ తప్ప హార్డ్‌డిస్కే కనబడట్లేదని, అందుకే డెబియన్ తీసేసి ఉబుంటు, అదీ కాకపోతే మింట్ (మూడూ లినక్స్ రకాలే) పెట్టి చూస్తానని రాశావు. ఆగు. పేరు మార్చినంత మాత్రాన వైఫై కార్డు మారదు. అసలు మెషీన్‌కి కార్డు కనబడుతోందా, కనబడితే దాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్ దొరికిందా, దొరికితే కార్డుకి కావాల్సిన ఫైలు, అంటే ఫర్మ్‌వేర్ ఎక్కిందా, అన్నీ ఉండి ఎక్కడైనా స్విచ్ ఆఫ్‌లో ఉందా? ఈ వరుసలో చూసుకుంటూ వెళ్తే ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్ నడిపేది) బూట్ చేసి, టెర్మినల్‌లో మెషీన్‌లోని కార్డుల జాబితా చూపించే కమాండ్ ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఎన్‌ఎన్‌కే అని కొట్టు. అన్నీ చిన్నక్షరాలే. చాంతాడంత వస్తుంది, కంగారుపడకు. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస పట్టుకో. అందులో చదరపు బ్రాకెట్లో రెండు ముక్కల నంబరుంటుంది. మొదటి ముక్క 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 168సీ అయితే ఎథెరోస్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. ల్యాప్‌టాప్ వెనక స్టిక్కర్ మీది మోడల్ పేరు చూసి వెతక్కు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల కార్డులు వేసి అమ్ముతారు. ఈ నంబరే నమ్మాలి. దాని కిందే 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న వరుస ఉందా? (కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ.) లేకపోతే లాంచీ రేవులోనే ఉంది, సరంగు లేడన్నమాట: కార్డుంది, డ్రైవర్ లేదు.

డ్రైవర్ వరుస ఉండి కూడా వైఫై లేకపోతే సుడోతో (అడ్మిన్ హక్కుతో) డీఎంఈఎస్‌జీ, అంటే కెర్నెల్ రాసుకునే చిట్టా చూపే కమాండ్ కొట్టి, అందులో ఫర్మ్‌వేర్ అన్న మాట వెతుకు. ఫలానా ఫైలు లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2 అని ఉంటే ఆ ఫైలు డిస్కులో లేదని అర్థం. కార్డు పాడైపోలేదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఈ ఫర్మ్‌వేర్లు మామూలు ఇమేజ్‌లోనే ఇస్తున్నారు. 11 దాకా విడిగా తెచ్చుకోవాల్సి వచ్చేది. నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఏదో ముందు చూడు.

నంబరు 14ఈ4:4365 అయితే మాత్రం కొంచెం తిప్పలే. ఆ బ్రాడ్‌కామ్ కార్డుని కెర్నెల్‌తో వచ్చే డ్రైవర్లేవీ నడపలేవు. ఇన్‌స్టాల్ అయ్యాక డెబియన్ ప్యాకేజీల జాబితాలో నాన్‌ఫ్రీ విభాగం ఆన్ చేసి, కెర్నెల్ హెడర్లు (డ్రైవర్ తయారీకి కావాల్సిన ఫైళ్లు), బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ డీకేఎంఎస్ ప్యాకేజీ (ఆ కార్డు డ్రైవర్‌ని మెషీన్‌లోనే తయారుచేసేది) రెండూ వెయ్యి. హెడర్లు లేకుండా వేస్తే ప్యాకేజీ ఎక్కినట్టే ఉంటుంది, మాడ్యూల్, అంటే కెర్నెల్‌లోకి ఎక్కే డ్రైవర్ మాత్రం తయారవదు. నెట్ కోసం నెట్ కావాలి కాబట్టి ఫోన్ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్ మెషీన్‌కి ఇచ్చేది) ఆన్ చెయ్యి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లుంటాయి, వాటితో ఏమీ జరగదు. సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం ఉన్నవాటినే రానిచ్చే కట్టడి) ఆన్‌లో ఉంటే సంతకం లేని ఆ మాడ్యూల్‌ని కెర్నెల్ రానివ్వదు. కీ నమోదు చేసే పద్ధతి ఉంది గానీ, ఈ మెషీన్‌కి అంత అక్కర్లేదు, బయోస్‌లో (మెషీన్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో) ఆఫ్ చేసెయ్.

అన్నీ బాగుండి కూడా రాకపోతే, వైఫై ఆఫ్‌లో ఉందేమో చూపే కమాండ్ ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టు. సాఫ్ట్ బ్లాక్ అయితే అదే కమాండ్‌తో అన్‌బ్లాక్ చెయ్యొచ్చు. హార్డ్ బ్లాక్ అయితే కీబోర్డు మీది మీటో, పక్కనున్న స్విచ్చో నొక్కాల్సిందే.

ఎల్‌ఎస్‌పీసీఐలో అసలు ఆ నెట్‌వర్క్ కంట్రోలర్ వరుసే లేదంటే, ముందు బయోస్‌లో వైర్‌లెస్ ఆఫ్ చేసి ఉందేమో చూడు. లేకపోతే తేమ మీద నాకు అనుమానం. మొగల్తూరు ఉప్పుగాలిలో, రొయ్యల చెరువు పక్క షెడ్డులో ఇన్నాళ్లు పడున్న మెషీన్ అది. ఛార్జర్ పీకి, కింది మూత తీసి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ విడదియ్యి. తర్వాత కార్డు. స్క్రూ తీయగానే ఒక పక్క పైకి లేస్తుంది, ఆ వాలులోనే లాగాలి. దాని బంగారు పళ్ల మీద పచ్చటి మరకలుంటే మెత్తటి రబ్బరుతో తేలిగ్గా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడువు. పైనున్న నల్ల, తెల్ల యాంటెనా తీగలు ఎక్కడివక్కడే పెట్టు. ఆ బుడిపెలు నిటారుగా వేలితో నొక్కితే టిక్కుమంటాయి. ఏటవాలుగా నొక్కితే విరిగిపోతాయి, జాగ్రత్త.

ఇక డిస్కు సంగతి. అదే ఎల్‌ఎస్‌పీసీఐలో 'రెయిడ్ బస్ కంట్రోలర్' అని ఉంటే బయోస్‌లో స్టోరేజ్ మోడ్ (మెషీన్ డిస్కుతో మాట్లాడే పద్ధతి) రెయిడ్‌లోనో, ఇంటెల్ ఆర్‌ఎస్‌టీలోనో ఉందన్నమాట. దాన్ని లినక్స్‌కి తెలిసిన మామూలు పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఊరికే మార్చేస్తే విండోస్ నీలిరంగు తెర వేసి కూర్చుంటుంది. మావయ్య మేత లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, మర్చిపోకు. ముందు ఆ లెక్కలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకో. సెక్యూర్ బూట్ ఆపే ముందు కూడా అది చేతిలో ఉండాలి. ఆప్టేన్ (డిస్కుని వేగం చేసే ఇంటెల్ మెమరీ) ఉంటే విండోస్‌లోనే ఆపు. తర్వాత విండోస్ సెట్టింగుల ప్రోగ్రాం ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్ కింద సేఫ్ బూట్ టిక్కు పెట్టి రీస్టార్ట్ చేసి, నేరుగా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చు. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది. అక్కడ పిన్ పనిచెయ్యకపోవచ్చు, మావయ్యని అసలు పాస్‌వర్డ్ అడిగి ఉంచుకో. టిక్కు తీసేసి మళ్లీ రీస్టార్ట్. పన్లోపని ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపెయ్. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, కొన్ని వైఫై కార్డులు లినక్స్‌లో లేవకుండా మొండికేస్తాయి.

పార్టిషన్లు చేసే పని మాత్రం షెడ్డులో పెట్టుకోకు. ఆ బ్యాటరీ ఒక్క నిమిషం కూడా ఆగదు, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపే మెషీన్ ఆరిపోతుంది. ఇంటికి తెచ్చి ఇన్వర్టర్ మీద చెయ్యి.

ఏదీ మార్చకముందే నెట్‌వర్క్ వరుస, దాని కింది రెండు వరుసలు అక్షరాలు కనబడేలా దగ్గరగా ఫొటో తీసి పంపు. సోమవారం సాయంత్రం ఫోన్ చేస్తాను, మెషీన్ ముందు కూర్చునే ఎత్తు.

అమ్మ