చిన్న చిరాకులే, కానీ రోజంతా అవే అయితే

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసాక కూడా చాలాసేపు నీ మాటలే తిరిగాయి బుర్రలో. రాత్రంతా పెట్టినా ఫోన్ చార్జ్ అవ్వలేదు, బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది, ఆ ఆఫీసులో అంతసేపు నిలబెట్టి తీరా నీ వంతు వచ్చాక సర్వర్ డౌన్ అన్నారు, మధ్యాహ్నం ముక్కూ మొహం తెలియని మనిషెవరో నీమీద అరిచాడు, సాయంత్రం బస్సులో పక్క సీటు పెద్దావిడ ఉన్నట్టుండి నీ చెయ్యి పట్టుకుని ఇంకెవరి పేరుతోనో పిలిచి ఏడ్చింది. ఇన్ని చెప్పి చివర్లో "ఇవేం పెద్ద కష్టాలులే నాన్నా, నేనే ఎక్కువ చేస్తున్నా" అన్నావు చూడు, నాకు బాధేసింది అక్కడే. ఫోన్లో సరిగ్గా చెప్పడానికి మాటలు రాలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నువ్వేం ఎక్కువ చెయ్యట్లేదు తల్లీ. 1981లో రిచర్డ్ లాజరస్ అనే సైకాలజిస్ట్, ఆయనతో పనిచేసే వాళ్ళు కలిసి ఒక స్టడీ చేసారు. కొంతమంది నడివయసు వాళ్ళని నెలల తరబడి అడుగుతూ వెళ్ళారు, జీవితంలో పెద్ద ఘటనలేం జరిగాయి, రోజూ చికాకు పెట్టినవేంటి, మనసెలా ఉంది అని. వాళ్ళకి తేలిందేంటంటే, మనిషి మనసు ఎంత నలిగిందో చెప్పడానికి పెద్ద పెద్ద ఘటనల కన్నా రోజువారీ తలనొప్పుల లెక్కే బాగా పనికొచ్చిందట. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. పెద్ద కష్టం వస్తే నలుగురూ వచ్చి పక్కన కూర్చుంటారు, లీవు ఇస్తారు, ఏడిస్తే ఏడవనిస్తారు. బస్సు మిస్సయిందని ఎవరొస్తారు? ఎవరూ రారు, పైగా మనమే మనల్ని కసురుకుంటాం ఇంత చిన్నదానికా అని. అలా కసురుకోవడం ఇంకో చికాకు, అది కూడా అదే రోజు మీద పడుతుంది.

కాబట్టి చికాకు వచ్చిందంటే వచ్చిందనే ఒప్పుకో. నాకు భయం దాని గురించి కాదు, ఒక చోట మొదలైన చికాకు ఇంకో చోటికి వెళ్ళడం గురించి. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు మనవాళ్ళు. నీకు తెలుసుగా, నేను ఉద్యోగం చేసినంత కాలం కౌంటర్ లోపలే కూర్చున్నా. ఆ కిటికీలోంచి మనుషుల్ని చూస్తే తెలుస్తుంది, నోరు తెరవకముందే, ఈ మనిషి నా దగ్గరికి వచ్చాడా లేక పొద్దున్నుంచీ జరిగినవన్నీ మోసుకొచ్చి ఇక్కడ దించడానికి వచ్చాడా అని. నాతో ఏ గొడవా లేని మనిషి నామీద అరిచేవాడు, ఆ అరుపుకి లోపల మావాడొకడు మొహం మాడ్చుకుని తర్వాత వచ్చిన ముసలాయన్ని విసుక్కునేవాడు, ఆ ముసలాయన అదంతా ఇంటికి పట్టుకెళ్ళేవాడు. ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం నీమీద అరిచిన మనిషి కూడా అలాంటి వరసలో ఎక్కడో ఒకడు. అతను చేసింది తప్పే, నేను కాదనట్లేదు, సర్దుకుపొమ్మనీ అనట్లేదు. కానీ ఆ కోపం నీదగ్గర పుట్టింది కాదు, కాబట్టి నీలో ఏం లోపం ఉందా అని రాత్రి పడుకుని వెతుక్కోవద్దు.

అలాంటప్పుడు ఏం చెయ్యాలి అనడిగావు. సమాధానం చెప్పాలని లేదు. గొంతు పెంచకుండా "మీరు అరుస్తుంటే నేను మాట్లాడలేను" అని ఒక్క ముక్క అని పక్కకి వచ్చెయ్. నేను చూసినంతలో అరిచే మనిషికి ఎదురు అరుపు దొరికితేనే గొడవ పెద్దదవుతుంది, అది దొరక్కపోతే చాలామంది కాసేపటికి ఆగిపోతారు, ఆగని వాళ్ళ దగ్గర ఎలాగూ మనం ఉండక్కర్లేదు.

ఇంక ఆ క్యూ సంగతి. పక్క క్యూ ఎప్పుడూ ఫాస్ట్‌గా కదుల్తుంది, నా క్యూ మాత్రం కదలదు అన్నావు, నీ నుదుటి రాత అన్నట్టు. అది రాత కాదమ్మా, లెక్క. మూడు కౌంటర్లున్నాయి అనుకో, మూడిట్లో ఒకే రకం పని, ఒకేలాంటి మనుషులు, నువ్వు మధ్యలో నిలబడ్డావు. ఏదో ఒకటి ముందు అయిపోతుంది కదా, అది నీదే అయ్యే అవకాశం మూడింట ఒక వంతే, మిగతా రెండు వంతులూ అటో ఇటో పక్కవాళ్ళవే. అంటే ఏ క్యూలో నిలబడ్డ మనిషైనా ఎక్కువసార్లు పక్కవాళ్ళు ముందు వెళ్ళిపోవడమే చూస్తాడు. రోడ్డు మీదా అంతే, 1999లో రెడల్‌మైయర్, టిబ్షిరానీ అని ఇద్దరు నేచర్ పత్రికలో రాసారు, రెండు లేన్లూ సగటున ఒకే స్పీడులో వెళ్తున్నా పక్క లేనే ముందుకెళ్తున్నట్టు ఎందుకనిపిస్తుందో. మనం స్పీడుగా వెళ్ళేటప్పుడు గబగబా చాలా బండ్లని దాటేస్తాం, అది క్షణాల్లో అయిపోతుంది, మనల్ని దాటుకుని వెళ్ళేవాళ్ళని మాత్రం నింపాదిగా ఒక్కొక్కళ్ళనీ చూస్తూ కూర్చుంటాం. మనం దాటినవి వెనకపడి కనపడవు, మనల్ని దాటినవి కళ్ళముందే ఉంటాయి. ఈ సంగతి తెలిసినంత మాత్రాన క్యూ తొందరగా కదలదనుకో, కానీ నాకే ఇలా జరుగుతోంది అనే బాధ తగ్గుతుంది, అది తగ్గితే సగం బరువు తగ్గినట్టే.

సర్వర్ డౌన్ విషయంలో మాత్రం నువ్వు చెయ్యగలిగింది కొంచెం ఉంది, ఇది లోపల కూర్చున్నవాడిగా చెప్తున్నా. మా దగ్గర సిస్టం పడిపోయినప్పుడు ఏం చెప్పకుండా కూర్చుంటే హాలంతా గొడవే, అదే ఏమైందో చెప్పి ఫలానా టైముకి వస్తుంది అని కాగితం మీద రాసి అంటిస్తే అదే జనం కూర్చునేవాళ్ళు, కొంతమంది వెళ్ళి వేరే పని చూసుకుని వచ్చేవాళ్ళు. సిస్టం మాత్రం అంతకుముందు ఎంత ఆలస్యమో ఇప్పుడూ అంతే ఆలస్యం. తర్వాతెప్పుడో చదివా, డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లోనే ఇది రాసిపెట్టాడట, ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదాని కన్నా ఎక్కువ అనిపిస్తుందనీ, కారణం చెప్పని ఆలస్యం ఇంకా ఎక్కువ అనిపిస్తుందనీ, ఒక్కళ్ళమే ఉంటే మరీననీ. వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోతే నువ్వే అడుగు. ఎందుకు ఆగింది, ఎప్పటికి రావచ్చు, ఇవాళ రాకపోతే రేపు నేను మళ్ళీ ఈ క్యూ మొదట్నుంచీ నిలబడాలా, నా కాగితాల్లో ఇంకేమన్నా తక్కువున్నాయా ఇప్పుడే చూసి చెప్తారా అని. ఈ ఆఖరిది మర్చిపోకు, సిస్టం లేనప్పుడు కాగితాలు చూడ్డానికి వాళ్ళకి తీరిక ఉంటుంది. చెప్పింది అక్కడే రాసుకో, ఎవరు చెప్పారో ఏ టైముకో కూడా. రెండోసారి వెళ్ళినప్పుడు "నిన్న పదకొండున్నరకి ఈ కౌంటర్లోనే చెప్పారండీ" అంటే ఆ మాటకుండే బరువే వేరు. కౌంటర్లో ఉన్న మనిషి ఆ రూలు పెట్టలేదు, ఆ సర్వరు కొనలేదు, కానీ రూలులో ఎక్కడ దారుందో తెలిసింది అతనికే. అందుకని అతన్ని మనవైపు ఉంచుకోవాలి.

కస్టమర్ కేర్ వాళ్ళయినా అంతే, కంప్లైంట్ నంబర్ తీసుకోకుండా ఫోన్ పెట్టకు.

పెద్దావిడ గురించి నువ్వు చెప్పేటప్పుడు నీ గొంతు మారింది. చెయ్యి లాక్కోవాలో వద్దో తెలీలేదు, లాక్కోలేదు, దిగే దాకా అలాగే కూర్చున్నా అన్నావు. మంచి పని చేసావమ్మా. ఆవిడకి మతిమరుపో, ఎవర్నైనా పోగొట్టుకుందో మనకి తెలీదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అలాంటి మనిషి కనపడితే "నేను ఆవిడ్ని కాదండీ" అని వాదించక్కర్లేదు, మెల్లగా మాట్లాడి, మీతో ఎవరైనా ఉన్నారా, ఎక్కడ దిగాలి అని అడుగు, ఒంటరిగా దారి తప్పినట్టనిపిస్తే కండక్టర్‌కో పోలీసులకో చెప్పు. నువ్వు ఒక్కదానివే మొయ్యాల్సిన పని కాదది.

కానీ వింతగా తగిలే వాళ్ళందరూ ఆవిడలాంటి వాళ్ళు కారు, ఇది నేను నీకు గట్టిగా చెప్పాలి. ఎవరైనా అతిగా దగ్గరికి జరుగుతున్నా, వద్దన్నా మాట వదలకపోయినా, ఎక్కడుంటావు ఎవరితో ఉంటావు అని గుచ్చిగుచ్చి అడుగుతున్నా, నీకు లోపల తేడాగా అనిపించిందంటే చాలు, రుజువులు అక్కర్లేదు. మర్యాదగా ఉండాలి అని చిన్నప్పట్నుంచీ చెప్పింది మేమే, భయమేసినప్పుడు ఆ మర్యాద పక్కన పెట్టెయ్యమని చెప్పేదీ మేమే. సమాధానం చెప్పకుండా లేచి వెళ్ళిపో, జనం ఉన్న చోటికి వెళ్ళు, డ్రైవర్ దగ్గరో డ్యూటీలో ఉన్నవాళ్ళ దగ్గరో నిలబడు, నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రయినా సరే. తర్వాత అతను మంచివాడే అని తేలిందనుకో, పోయేదేం లేదు, ఒక మంచి మనిషి కాసేపు చిన్నబుచ్చుకుంటాడు అంతే.

రాత్రి ఇంటికొచ్చాక జరిగిందంతా మళ్ళీ మళ్ళీ తలుచుకుని, దిండుని నాలుగు గుద్దులు గుద్దితే కోపం పోతుందేమో అన్నావు. పోదట. 2002లో బ్రాడ్ బుష్మన్ అనే ఆయన 600 మంది స్టూడెంట్స్‌తో చూసాడు, ముందు వాళ్ళకి కోపం తెప్పించి, కొంతమందిని కోపం తెప్పించినవాడిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ కొట్టమన్నాడు, కొంతమందిని ఎక్సర్‌సైజ్ అనుకుని కొట్టమన్నాడు, ఇంకొంతమంది ఊరికే కూర్చున్నారు. తలుచుకుంటూ కొట్టినవాళ్ళకే కోపం అందరికన్నా ఎక్కువ మిగిలింది, ఊరికే కూర్చున్నవాళ్ళే నయం. అంటే నాలాంటివాడికి ఫోన్ చేసి చెప్పుకోవద్దని కాదు, చెప్పు, ఎంతసేపైనా వింటా, నువ్వు నిన్న చెప్తూ చెప్తూ మధ్యలో నెమ్మదించావు కూడా. ఆ మనిషి మొహాన్నే కళ్ళముందు పెట్టుకుని, నేనిలా అనుంటే బాగుండేది అలా అనుంటే బాగుండేది అని తిప్పి తిప్పి నెమరేసుకోవడమే వద్దంటున్నా.

ఇంకోటి, పూర్తవ్వని పని ఊరికే వదలదు మనసుని. పడుకుందామన్నా అదే గుర్తొస్తుంది. దానికీ 2011లో మసికాంపో, బౌమైస్టర్ అని ఇద్దరు చేసిన స్టడీ ఒకటుంది, పని పూర్తి చెయ్యకపోయినా ఎప్పుడు ఎక్కడ ఎలా చేస్తావో పక్కాగా ప్లాన్ రాసుకుంటే చాలట, ఆ పని మాటిమాటికీ గుర్తొచ్చి పీకడం తగ్గుతుందని. "రేపు చూద్దాం" అంటే సరిపోదు. "గురువారం పదింటికి, ఈ నాలుగు కాగితాలతో, ఫలానా కౌంటర్" అని రాసి ఫోన్ పక్కన పెట్టేసి పడుకో. నిద్ర మాత్రం తగ్గించకు తల్లీ, నిద్ర లేని మనిషికి గాలి తగిలినా కోపమే.

నువ్వు అన్నీ ఒక్కదానివే తేల్చుకోవాలని చూస్తావు, అది నాకు గర్వమే, ఒక్కోసారి దిగులు కూడా. ఆ ఆఫీసు వాళ్ళు ఇచ్చిన కాగితం రెండు వైపులా ఫోటో తీసి పంపు, వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా కనపడాలి, రేపు సాయంత్రంలోగా చదివి ఏమేం కావాలో రాసి పెడతా. అమ్మకి ఆ అరిచిన మనిషి సంగతి నేను చెప్పలేదు, చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. కొత్త చార్జర్ మాత్రం ఇవాళే కొనుక్కో.

నాన్న